సూది సార్ చెప్పుల కొలత

మొదటి ఉత్తరానికే చిన్నోడికి చీవాట్లు పడ్డాయి.

అతను రాసింది రెండు ముక్కలే. మీ సాఫ్ట్‌వేర్ మా ఫైళ్ళు మింగేస్తోంది, వెంటనే ఏదో ఒకటి చెప్పండి అన్నాడు. సబ్జెక్టు దగ్గర అర్జంట్ అని రాసి పక్కన ఆశ్చర్యార్థకాలు ఆరు పెట్టాడు. కొత్త ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఎవరో ఇద్దరు ప్రింటరు గురించి మాట్లాడుకుంటున్న ఉత్తరానికి జవాబుగా పంపేశాడు.

అది ఒక మెయిలింగ్ లిస్టు. రెండు చోట్ల ఉన్న కంప్యూటర్లలో ఫైళ్ళని ఎప్పటికప్పుడు ఒకేలా ఉంచే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాన్ని వాడేవాళ్ళు నూటపాతిక మంది అక్కడ ఒకరికొకరు సాయం చేసుకుంటారు. ఒకరు రాసింది అందరికీ చేరుతుంది. ఊరికే చేసే సాయం కదా, మర్యాదలు ఎక్కువ.

గంటలో జవాబు వచ్చింది. కింద సంతకం 'సూది' అని ఉంది.

ఇద్దరి మాటల మధ్య దూరి మీ గోడు చెప్పుకోవద్దు, విడిగా ఉత్తరం మొదలుపెట్టండి అని ఉంది. సబ్జెక్టులో మీ కంగారు కాదు, మీ సమస్య రాయండి. ఏ వెర్షను, మీరేం చేశారు, ఏమవుతుందనుకున్నారు, ఏమైంది, ఈ నాలుగూ చెప్పండి. ఆఖరి వాక్యం విడిగా ఉంది.

"సాఫ్ట్‌వేర్ దానంతటది మింగదు. మీరే తినిపిస్తూ ఉండి ఉంటారు."

చిన్నోడికి ఒళ్ళు మండింది. ఇరవై తొమ్మిదేళ్ళొచ్చినా ఇంట్లో, వీధిలో అందరికీ అతను చిన్నోడే. చీవాట్లు పెట్టేవాళ్ళకి కొదవ లేదు. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని ఈయన ఒకడు తయారయ్యాడు. సూది అంటే రిటైరైన హెడ్మాస్టరు ఎవరో అయి ఉంటాడని నిశ్చయించుకున్నాడు. మండినా మళ్ళీ రాయక తప్పలేదు. శనివారం దగ్గరకొస్తోంది.

వాళ్ళది చెప్పుల కొట్టు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకి, వేళ్ళు వంకర తిరిగినవాళ్ళకి కొలిచి కుట్టి ఇస్తారు. నాన్న కొలుస్తాడు, కుడతాడు. చిన్నోడు కొలతలు కంప్యూటర్లో ఎక్కించి తోలు కోస్తాడు. అక్కకి నెలల పిల్ల, ఇల్లు కదలలేదు. కొలత ఎక్కిందని తమ్ముడు ఫోన్ చెయ్యగానే ఇంట్లో కంప్యూటర్లో అదే ఫైలు తెరిచి, మడమ కింద ఎంత ఎత్తు వెయ్యాలో చూసి దిద్దుతుంది. ఆ లెక్క నాన్న తర్వాత ఆవిడకే పట్టుబడింది.

మూడు నెలలుగా అక్క దిద్దినవి కొన్ని మాయమవుతున్నాయి. అన్నీ కాదు, కొన్నే. దిద్దాను అంటుంది అక్క. ఎక్కడ దిద్దావు, చూడు అంటాడు తమ్ముడు. అలా ఎవరూ కనిపెట్టకుండానే పాటల మాస్టారి బూట్లకి ఎత్తు తక్కువ పడింది. ఆయన మెట్ల మీద తూలి, గోడ పట్టుకుని, కుంటుకుంటూ కొట్టుకి వచ్చాడు. ఆయన కోప్పడలేదు. మీ బూట్లు తాళం తప్పుతున్నాయయ్యా అని మాత్రం అన్నాడు. శనివారం ఆయన కచేరీ ఉంది. కొత్త జోడు కావాలి.

మాస్టారు వెళ్ళాక నాన్న కంప్యూటరు వంక చూశాడు. తర్వాత అన్నాడు.

"ఈ జోడు కూడా తప్పిందంటే ఆ పెట్టె అటకెక్కుతుంది. నా కొలతల పుస్తకాలు నాకున్నాయి."

పెట్టె అటకెక్కితే అక్క చేతిలో పని కూడా పోయినట్టే. ఆ మాట ఎవరూ పైకి అనలేదు.

చిన్నోడు విడిగా ఉత్తరం మొదలుపెట్టి నాలుగు సంగతులూ రాశాడు. 'సూది సార్ గారికి' అని మొదలుపెట్టాడు. పాత సభ్యులకి ఆ పిలుపు చూసి నవ్వాగలేదు. అయినా ఎవరూ అతనికి అసలు సంగతి చెప్పలేదు. అంత మంచి కాలక్షేపం ఎవరు చెడగొట్టుకుంటారు.

సూది ఇంకొన్ని ప్రశ్నలడిగింది. చిన్నోడు జవాబు పైన రాసి, పాత ఉత్తరాలన్నీ కింద తోకలా వదిలేశాడు. జవాబు ప్రశ్న కింద రాయాలి, అక్కర్లేనిది కత్తిరించాలి అని మళ్ళీ చీవాట్లు. కత్తిరించడం మా పనే సార్ అని, అతను ఆ ఉత్తరమంతా కోసి 'చెప్పండి' అన్న ఒక్క మాట ఉంచి దాని కింద జవాబు రాశాడు. ఎవరో సభ్యుడు కలగజేసుకుని, బూట్లాయనా, అంత బిగుతుగా కోస్తే కాలు పట్టదు అని రాశాడు. ఆ రోజు నుంచి లిస్టులో అతను బూట్లాయన.

చీవాట్లు తింటూనే చిన్నోడు పొద్దున్న కొట్టు తెరవగానే ముందు ఉత్తరాలు చూడటం మొదలుపెట్టాడు. తోలు తర్వాత. సూది సార్ కోపంలో ఒక పద్ధతుంది. అడిగిన ప్రతిదానికీ జవాబుంటుంది, అడగనిదానికీ ఒక పోటుంటుంది. నీ సార్ ఇవాళ ఏమన్నాడురా అని అక్క ఫోన్లో ఆరా తీసేది. చెబుతుంటే అతని గొంతులో ఉషారు విని నవ్వుకునేది.

గురువారం సూది, సాఫ్ట్‌వేర్ తన పనుల చిట్టా రాసుకునే ఫైలుంటుంది, అందులో అక్షరాలు తెచ్చి పెట్టండి అని అడిగింది. చిన్నోడు కంప్యూటరు తెరకి ఫోన్‌తో ఫోటో తీసి పంపాడు. అంత పెద్ద ఫోటో నూటపాతిక మంది మెయిలు పెట్టెల్లోకి వెళ్ళి పడింది.

"అద్దంలో కనిపించే కాలుకి మీరు కొలత తీస్తారా? అక్షరాలు అడిగితే అక్షరాలే పంపాలి," అని వచ్చింది సూది జవాబు.

చిన్నోడు కంప్యూటరు ముందు నుంచి లేచిపోయాడు. ఇంక ఎవరినీ ఏమీ అడగదలుచుకోలేదు. కత్తి నూరుతూ కూర్చున్నాడు. గంట తర్వాత ఇంకో ఉత్తరం వచ్చింది.

"ఫోటో పంపడం తప్పే. కానీ మీరు పంపబట్టే దొరికింది, అంచేత నా కోపం వెనక్కి తీసుకుంటున్నాను. మీ తెర మూల పదీ ఇరవై అని ఉంది. మీ ఉత్తరం మాకు పదీ పదకొండుకి చేరింది. అంటే అది పుట్టకముందే మా ఇంటికొచ్చింది. వెనక గోడ గడియారంలో కూడా పదీ ఇరవయ్యే. ఆ గడియారాన్ని ఎవరు ముందుకి తిప్పారు?"

చిన్నోడు తలెత్తి గోడ వంక చూశాడు.

తిప్పింది నాన్న. ముప్ఫై ఏళ్ళ కిందట. చెప్పిన వేళకి చెప్పులు అందాలంటే గడియారం పది నిమిషాలు ముందుండాలని ఆయన నియమం. కంప్యూటరు కొత్తలో, ఇది గోడతో కలవడం లేదేంటి, రెంటిలో ఏది అబద్ధం అని ఆయన రోజూ సణిగేవాడు. ఆ పోరు పడలేక చిన్నోడే కంప్యూటరు సమయాన్ని గోడని చూసి దిద్దాడు.

మిగతాది సూది విడమర్చి చెప్పింది. రెండు చోట్లా ఫైలు వేరుగా ఉంటే, ఏది తర్వాత రాసిందో అదే నిజమని సాఫ్ట్‌వేర్ నమ్ముతుంది. మీ కొట్టులో రాసినదానికి పది నిమిషాలు ముందున్న ముద్ర పడుతోంది. మీ అక్కగారు వెంటనే దిద్దితే, ఆవిడ దిద్దిందే పాతదై కొట్టుకుపోతుంది. మధ్యాహ్నం తీరిగ్గా దిద్దితే నిలుస్తుంది. అందుకే కొన్నే పోతున్నాయి. చురుగ్గా చేసిన పనులే పోతున్నాయన్నమాట.

చిన్నోడు ఫోన్ చేసి అక్కకి ఆ మాట చదివి వినిపించాడు. ఆ సార్ చల్లగా ఉండాలి అంది అక్క.

గోడ జోలికి రావద్దన్నాడు నాన్న. చిన్నోడు కంప్యూటరు ఒక్కటే సరిచేశాడు. అయితే పెట్టే వెనకబడిందన్నమాట అని నాన్న తృప్తి పడ్డాడు.

శనివారం పాటల మాస్టారు కొత్త బూట్లు తొడుక్కుని కొట్టులో అటూ ఇటూ నాలుగుసార్లు నడిచాడు. ఇప్పుడు సమంలో పడింది అన్నాడు. ఆయన వెళ్ళాక నాన్న చేతిగుడ్డ తీసి కంప్యూటరు మీద దుమ్ము తుడిచాడు.

సమస్య తీరాక, ఎలా తీరిందో అందరికీ చెప్పడం లిస్టులో మర్యాద. చిన్నోడు గోడ గడియారం కథంతా రాశాడు. కింద, కొలత పంపండి సార్, మీకో జోడు కుట్టి పంపుతాం అని చేర్చాడు.

"కొలత నేనే వచ్చి ఇస్తాను. మీ కొట్టు నాకు తెలుసు," అని వచ్చింది జవాబు.

సోమవారం పొద్దున్న ఒక అమ్మాయి ఆయాసపడుతూ లోపలికొచ్చింది. భుజానికి సంచీ, నుదుటి మీద చెమట. చిన్నోడు బల్ల చూపించి, కూర్చోండి, ఇవాళ ఒక పెద్దాయన రావాలి, ఆయన వచ్చేలోపు మీది చూస్తాం అన్నాడు.

"ఆ పెద్దాయన వచ్చాడు," అంది. "సూది సార్‌ని నేనే."

చిన్నోడి చేతిలో కొలత టేపు జారిపడింది.

"నమస్తే సార్," అన్నాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

ఆమె గోడ గడియారం కేసి చూసింది. "రెండేళ్ళుగా రోజూ మీ కొట్టు అద్దంలోంచి దాన్ని చూసి బస్సుకి పరుగెత్తుతున్నాను. రోజూ మా రికార్డుల ఆఫీసు తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చుంటున్నాను. మీ ఫోటో చూశాక గానీ తెలియలేదు, ఇదెవరి నిర్వాకమో."

"మరి ఇవాళెందుకు పరుగెత్తారు?"

ఆమె భుజం మీద సంచీ సర్దుకుంది. నాన్న అప్పటికే కింద కూర్చుని ఆమె చెప్పులు తిరగేసి చూస్తున్నాడు.

"ఎడమ మడమ అరిగింది. పరుగెత్తే కాలు. ఇది మా గడియారం పాపమేనమ్మా," అన్నాడు.

కొలిచి కాగితం మీద రాసుకున్నాడు. చిన్నోడు ఎక్కించడానికి చెయ్యి చాపితే, ఉండనీ, తొందరేముంది అని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తోలు ఎలా కొయ్యాలో నోటితోనే చెప్పాడు.

తొడిగి చూడటానికి ఆమె మొదటిసారి వచ్చి, బొటనవేలు దగ్గర బిగుతు అంది. రెండోసారీ అదే మాట. మూడోసారి నాన్న బొటనవేలు దగ్గర నొక్కి చూశాడు. వేలెడు సందుంది. ఇంకో రెండు రోజులాగి రామ్మా అన్నాడు. ఆమె వెళ్ళాక, మూడుసార్లు తొడగాల్సిన కాలు కాదురా అది అని దారం మైనం మీద లాక్కుంటూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం చిన్నోడు ఆమె ఒక్కదానికే ఉత్తరం రాశాడు. మీతో ఒక మాట చెప్పాలి అని. అడిగే పద్ధతి మీకు నేర్పాను కదా, నాలుగూ రాయండి అని తిప్పి పంపింది. అతను రాశాడు.

"వెర్షను: ఇరవై తొమ్మిదేళ్ళు. చేసింది: ఒక సార్‌కి చెప్పులు కుట్టాను. అనుకున్నది: ఇచ్చేసి నా పని చూసుకుంటానని. అయింది: బస్సు వేళకి అద్దం దగ్గర నిలబడుతున్నాను, రోజూ అవుతోంది. కారణం తెలుసు. బాగుచెయ్యమని అడగడం లేదు."

జవాబు వెంటనే రాలేదు. పొద్దున్న చూస్తే ఉంది. అంతా కత్తిరించి 'రోజూ అవుతోంది' అన్న ముక్క ఒక్కటి ఉంచి, పద్ధతిగా దాని కింద రాసింది.

"ఇక్కడ కూడా. మీ నాన్నగారితో మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

నేనే చెబుతానని రాశాడు. రెండు రోజులు నాన్న వెనకాలే తిరిగాడు. ప్రతిసారీ దారం అందించి వచ్చేశాడు. మూడోనాడు ఆమె చెప్పుల కోసం వచ్చింది. తొడుక్కుని నడిచింది. బిగుతు అనలేదు. చిన్నోడు, నాన్నా, అని ఆగాడు.

నాన్న జేబులోంచి నలిగిన కాగితం తీసి అతని ముందు పెట్టాడు.

"కొలత ఎక్కించు. గిరాకీలలో కాదు. ఇంటివాళ్ళలో."

ఇంటివాళ్ళ కొలతలకి వేరే ఫోల్డరు ఉంది. అమ్మ, అక్క, బావ, పిల్ల, అంతే అందులో. చిన్నోడు టైపు చేశాడు. పేరు దగ్గర ఆలోచించకుండా 'సూది సార్' అని కొట్టేశాడు. ఆమె చదివి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నిమిషంలో ఫోన్ మోగింది. అవతల అక్క.

"ఒరే, ఇంటివాళ్ళలో కొత్త కాలు వచ్చింది. ఎవరిదిరా? సార్‌ని ఇంట్లో కలుపుకోవడమేంటి? పైగా ఆడవాళ్ళ కొలత."

ఆమె ఫోన్ అందుకుంది.

"వదినా, నేనే ఆ సార్‌ని. దిద్దాల్సిందేమైనా ఉంటే ఇప్పుడే దిద్దేయండి. వెంటనే దిద్దినా పోదు."

అవతల పిల్లని ఎవరికో అందించినట్టు, కుర్చీ జరిపినట్టు వినిపించింది.

ముగ్గురూ తెర ముందు నిలబడ్డారు. చూస్తుండగానే ఫైలు పేరులో 'సూది సార్' పోయి 'మరదలు' అని వచ్చింది.

నాన్న గోడ గడియారం వంక, తెర వంక మార్చి మార్చి చూస్తూ పది నిమిషాలూ కాచుకున్నాడు. అక్క దిద్దింది దిద్దినట్టే ఉంది.