నాలుగో మంచం మీది బొమ్మ

ఇట్టియవిర సార్ రెండో పళంపొరి, అదే అరటిపండు బజ్జీ, చేతిలోకి తీసుకున్నారంటే ఆ ఉదయం కేసేమీ రాదని తొమ్మన్ లెక్క. కొట్టాయం బేకరీ మేడమీద ఆ చిన్న డిటెక్టివ్ ఆఫీసులో ఆరేళ్లుగా అసిస్టెంటు తను. సార్ తెలివి మీద ఎంత గురో, సార్ తిండి మీద అంత బెంగ. ఆ రోజు మాత్రం లెక్క తప్పింది. తడిసిన గొడుగు మూసీ మూయకుండానే ఒకావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నలభై మూడేళ్లుంటాయి.

"సార్, నా పేరు శోశమ్మ. నర్సుని. నా పెట్టె పోయింది."

"కూర్చోండి. తొమ్మన్, చేచీకి టీ పొయ్యి." అక్కా అనడానికి అక్కడ చేచీ అంటారు. "నగల పెట్టా?"

"నగలైతే ఇంత ఏడుస్తానా సార్? అరవై మంది రోగుల కాగితాలు!"

టీ సగం తాగాక గానీ సంగతి బయటికి రాలేదు. పంతొమ్మిదేళ్లు వార్డుల్లో పనిచేసి, పిల్లలు ఎదిగాక ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరింది శోశమ్మ. ఆసుపత్రి వాళ్లు చదువు కోసం ఇచ్చింది రెండేళ్ల సెలవు. ఆ గడువు ఈ నెలతో సరి. థీసిస్ రేపు సాయంత్రం ఐదింటికల్లా అందించాలి. దానికి ముందు గైడ్ అసలు కాగితాలన్నీ చూసి సంతకం పెట్టాలి. నిన్న సాయంత్రం చూపిద్దామని కళాశాలలో తన బీరువా తెరిస్తే నీలం పెట్టె లేదు.

"మళ్లీ సెలవు ఇవ్వరు సార్. డిగ్రీ లేకుండానే వార్డుకి వెళ్లిపోవాలి. ఇంక ఈ జన్మకి ఇంతే."

"మీ చదువు దేనిమీద?"

ఆ ప్రశ్నతో ఆవిడ ముఖంలోకి కాస్త వెలుగొచ్చింది. "పడకపుండ్ల మీద. కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతాం కదా, పూర్తిగా తిప్పితే తుంటి ఎముక మీద బరువు పడి అక్కడా పుండు పడుతుంది. అందుకని కొంచెమే వంచి వీపు వెనక దిండు పెడతాను. పిక్కల కింద తువ్వాలు చుట్ట పెట్టి మడమలు గాల్లో ఉంచుతాను. మా వైపు ఇలా చేసేది నేనూ, నాకు సాయం చేసిన, కూతురులాంటి మా లిన్సీ మోళూ మాత్రమే."

సార్ పళంపొరి పక్కన పెట్టేశారు. తొమ్మన్ గొడుగులు అందుకున్నాడు.

కళాశాల గేటు దగ్గర వాచ్‌మన్ గట్టిగా చెప్పాడు, నిన్నటినుంచి పెట్టెతో బయటికెళ్లిన వాళ్లెవరూ లేరని. బీరువా తాళంచెవి ఆఫీసు గోడమీద మేకుకి వేలాడుతుంటుంది. శోశమ్మ కాక అది తెలిసినవాళ్లు ముగ్గురు.

మొదటివాడు గుమాస్తా ఔసేప్. అడగ్గానే ఇంతెత్తున లేచాడు. "ఆ పెట్టె తీసుకెళ్లి నేనేం చేసుకుంటాను సార్? మామిడికాయ ఊరేసుకోనా? ఇక్కడ ఏం పోయినా ముందు నన్నే పిలుస్తారు. పోయిన నెల చీపురు పోతే కూడా నన్నే అడిగారు!"

"దొరికిందా?"

"దొరికింది. నా గదిలోనే. అది వేరే సంగతి."

రెండో ఆవిడ గైడ్, కొచ్చుత్రేసియ టీచర్. ఆవిడ ఎదురుగా కూర్చుంటే తొమ్మన్‌కి లెక్కల పరీక్ష గుర్తొచ్చింది.

"శోశమ్మ చేసిన పని మీకు నచ్చలేదని విన్నాను," అన్నారు సార్.

"నచ్చలేదనే మొహం మీదే చెప్పాను. పాతికేళ్లుగా రోగిని పూర్తిగా పక్కకు తిప్పమనే నేర్పుతున్నాను. ఈవిడొచ్చి కొంచెం వంచితే చాలు, మడమలు ఎత్తాలి అంటుంది. ఎత్తి ఏం చెయ్యాలి, జెండా ఎగరెయ్యాలా? కాగితాలు చూపించు, నమ్ముతానన్నాను. తీరా చూపించాల్సిన రోజున పెట్టె లేదట!"

తొమ్మన్ సార్‌ చెవిలో గుసగుసలాడాడు. "ఈవిడే సార్. రాసిపెట్టుకోండి." సార్ ఏమీ రాసుకోలేదు.

మూడో మనిషి లిన్సీ. కళాశాల ఆసుపత్రిలోనే వార్డు నర్సు, పాతికేళ్ల పిల్ల. వచ్చే ఏడు తనూ ఇదే కోర్సులో చేరాలట, టీచర్ సిఫారసు ఉత్తరం కోసం ఎదురుచూస్తోంది. అడక్కుండానే అందరికీ టీ తెచ్చింది.

"నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావు మోళే?"

"రెండింటికి డ్యూటీ దిగి ఇంటికెళ్లిపోయాను సార్. చేచీ కాగితాలు దొరుకుతాయంటారా? రేపటికల్లా దొరుకుతాయి కదూ?"

"రేపటికల్లానా? ఇవాళే దొరికితే వద్దా?"

లిన్సీ నవ్వబోయి మానేసింది. సార్ టీ తాగేసి, కళాశాల అంతా ఒకసారి చూస్తానన్నారు.

మేడ మీద అభ్యాసం గది. ఆరు మంచాలు, వాటి మీద మనిషంత పొడుగు ఆరు రబ్బరు బొమ్మలు. సూదులు గుచ్చడం, కట్లు కట్టడం అన్నీ పిల్లలు ముందు వీటిమీదే నేర్చుకుంటారు. ఐదు బొమ్మలు వెల్లకిలా పడుకుని గడ్డం దాకా దుప్పటి కప్పుకున్నాయి. నాలుగోది మాత్రం ఎడమవైపు కాస్త వంగి ఉంది. వీపు వెనక దిండు ఉబ్బెత్తుగా ఉంది. పిక్కల కింద తువ్వాలు చుట్ట, దుప్పటి చివర బయటికొచ్చిన మడమలు. పిల్లలెవరో క్లాసయ్యాక అలా వదిలేశారనుకున్నాడు తొమ్మన్.

"ఔసేప్, ఇక్కడ క్లాసు ఎప్పుడు జరిగింది?"

"వారమైంది సార్, పరీక్షలు కదా. మొన్న నేనే తుడిపించి బొమ్మలన్నీ తిన్నగా పడుకోబెట్టించాను."

సార్ బొమ్మని ముట్టుకోలేదు. "నాలుగింటికి అందరినీ ఇక్కడికే పిలువు," అన్నారు. సార్ అలా అన్నారంటే పని అయిపోయినట్టే. ఏం అయిందో మాత్రం తొమ్మన్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు.

నాలుగింటికి అందరూ మంచం చుట్టూ చేరారు.

"పెట్టె గేటు దాటలేదు," మొదలుపెట్టారు సార్. "దాచిన మనిషికి అది ఒకటి రెండు రోజులు కనబడకుండా ఉంటే చాలు. కాల్చేయదలుచుకుంటే ఈపాటికి బూడిదయ్యేది. పరీక్షల వేళ ఎవరూ రాని గది ఇదొక్కటే." దిండు లాగారు. వెనక నీలం పెట్టె. శోశమ్మ "నా తల్లీ!" అంటూ దాన్ని గుండెకి హత్తుకుంది.

"పెట్టె కనబడకుండా బొమ్మని వంచారు, అది అవసరమే. కానీ మడమలు ఎందుకు ఎత్తారు? పెట్టె దాచడానికి తువ్వాలు చుట్టతో పనేముంది? ఔసేప్‌ అయితే దుప్పటి కప్పేసి చక్కాపోయేవాడు. టీచర్ అయితే పూర్తిగా పక్కకు తిప్పేవారు, మడమల జోలికి పోయేవారు కాదు. ఈ చేతి అలవాటు ఇద్దరిదే. అందులో ఒకరు తన రెండేళ్ల చదువు తనే పాడుచేసుకుని నా దగ్గరికొచ్చి ఏడవరు."

అందరూ లిన్సీ వైపు తిరిగారు. ఆ పిల్ల ఏడుపు ఆపుకోలేకపోయింది. "ముప్పై ఏడో నంబరు రోగి చేచీ! ఆ తాతగారి అంగీకార పత్రం మీద సంతకం లేదు. తీసుకోవలసింది నేను, మరిచిపోయాను. నిన్న టీచర్ చూస్తారని తెలిసి భయమేసింది. ఇంక నాకు సీటెవరిస్తారు? రేపు పొద్దున్నే పాలాలో వాళ్లింటికి వెళ్లి తాతగారి వేలిముద్ర వేయించి, మధ్యాహ్నానికి పెట్టె మళ్లీ బీరువాలో పెట్టేద్దామనుకున్నాను."

"ఓసి పిచ్చిమొహమా!" అంది శోశమ్మ. "రాత్రంతా నాకు కంటిమీద కునుకు లేదే! సంతకం లేదని ఒక్క ముక్క చెప్తే ఆ కాగితం తీసేసి యాభై తొమ్మిది మందితో లెక్క కట్టేదాన్ని కదా! తప్పు మందు ఇచ్చినా పది నిమిషాల్లో చెప్పెయ్యాలని నీకు నేర్పింది నేనేనా?"

"నువ్వే చేచీ."

"మరి సిగ్గు లేదూ?" అంటూనే ఆ పిల్ల కళ్లు తన కొంగుతో తుడిచింది.

కొచ్చుత్రేసియ టీచర్ బొమ్మ మడమల కింద చెయ్యి పెట్టి చూసింది. అరచెయ్యి అటూ ఇటూ తగలకుండా దూరింది.

"దొంగతనం చేస్తూ కూడా మడమలు ఎత్తావా?"

"అలవాటైపోయింది టీచర్. బొమ్మే కదా అని వదిలెయ్యబుద్ధి కాలేదు."

టీచర్ పెట్టె తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. గంటసేపు ఒక్కో కాగితం తిప్పింది. ముప్పై ఏడోది తీసి పక్కన పెట్టింది. చివరికి కలం మూత తీసి సంతకం పెట్టింది. "యాభై తొమ్మిది అని దిద్దుకో. ఒకటి ఎందుకు తగ్గిందో దాచకుండా రాయి. మిగతా లెక్క నికరంగా ఉంది శోశమ్మా. నాకు నచ్చకపోయినా నికరంగా ఉంది." తర్వాత ఒక తెల్లకాగితం లిన్సీ ముందుకు తోసింది. "జరిగిన తప్పంతా రాయి. చదివాక నీ ఉత్తరం సంగతి ఆలోచిస్తాను. కింద సంతకం పెట్టు, ఈసారన్నా మరిచిపోకుండా."

ఔసేప్ ఫక్కున నవ్వాడు. లిన్సీ ఏడుస్తూనే రాసింది, సంతకం రెండుసార్లు పెట్టింది.

తొమ్మన్, సార్ గొడుగులు తీసుకుని మెట్లు దిగబోతుంటే వెనకనుంచి టీచర్ గొంతు ఖంగుమంది.

"శోశమ్మా, ఇంకో ఐదు తువ్వాళ్లు తెప్పించు. మిగతా బొమ్మలకి కూడా పెట్టండి. మొదటిదానికి నేను పెడతాను, తప్పయితే చెప్పు."