బట్టల బీరువాలో గొంతు

పొద్దున్నే చిట్టి పెద్ద బట్టల బీరువాలో దూరి, మైకు ముందు కూర్చుంది. ప్రకటనలకు గొంతు అరువివ్వడం ఆమె పని. బట్టల మధ్యయితే మాట మారుమోగదు. ఇద్దరు ఆసాములు ఇప్పటికే పని చేయించుకుని, డబ్బివ్వకుండా చెక్కేశారు. మూడోవాడూ ఎగ్గొడితే మైకు అమ్మేసి ఉద్యోగం చూసుకుంటానని నాన్నకు మాటిచ్చింది.

ఆ మూడోవాడు నాన్న స్నేహితుడు, కుర్చీల బాబాయ్. ఇవాళే ఆయన కొత్త షాపు తెరుస్తున్నాడు.

ఫోన్ మోగింది, కుర్చీల బాబాయే. చిట్టి బయటికొచ్చి స్పీకర్ నొక్కింది.

"ఇదేంటే తల్లీ! షాపు మైకు 'మెత్తటి సోఫాలు' అనగానే 'ఇది నమూనా మాత్రమే' అంటోంది! సోఫాలూ నమూనాలేనా అని జనం పడీ పడీ నవ్వుతున్నారు!"

"నేను పంపింది నమూనాయే బాబాయ్. డబ్బు పంపగానే అసలుది పంపుతానన్నాగా?"

"డబ్బేంటి? ఊరికే చేసిపెడుతుందని మీ నాన్న చెప్పాడే!"

పేపరు చదువుతున్న నాన్న తలెత్తలేదు.

"ఆయన్ని ఒక్క కుర్చీ ఊరికే ఇమ్మనండి, చూద్దాం!" వంటింట్లోంచి అమ్మ కయ్యిమంది.

"కాస్త మాట్లాడటమే కదా అనుకున్నానే..." నాన్న నసిగాడు.

చిట్టికి కళ్లనీళ్లు తిరిగాయి. "బయటివాళ్లు ఎగ్గొడితే తట్టుకున్నా నాన్నా. ఈసారి ఎగ్గొట్టింది నువ్వు."

ఫోన్‌లో షాపు మైకు మోగుతూనే ఉంది. కూతురి గొంతు నిండుగా, హుషారుగా అందరినీ పిలుస్తోంది. నాన్న ఏనాడూ కుదురుగా కూర్చుని దాన్ని విన్నవాడు కాదు. ఇప్పుడు విన్నాడు. పేపరు పక్కన పడేసి ఫోన్ లాక్కున్నాడు.

"ఒరేయ్, తప్పు నాది. ఊరికే ఇచ్చెయ్యడానికి ఆ గొంతు నాది కాదురా. ముందు డబ్బు పంపు!"

"పంపుతున్నా, పంపుతున్నా! పరువు పోతోంది, త్వరగా కానివ్వండి!"

ఫోన్ టింగుమంది. చిట్టి ఒక్క గెంతులో వెళ్లి అసలు రికార్డింగు పంపింది. కాసేపటికి అవతల చప్పట్లే చప్పట్లు! ఆ గొంతెవరిదని అడిగి, ఇంకో షాపాయన అప్పటికప్పుడే ఫోన్ చేశాడు.

నాన్నే అందుకున్నాడు. "మా అమ్మాయా? తప్పకుండా చేస్తుందండీ. ముందు సగం పంపండి, మిగతాది ముట్టాకే అసలుది."

సగం వచ్చింది. చిట్టి బీరువాలోకి దూరింది. తలుపు సందులోంచి చూస్తే, చప్పుడు కాకూడదని ఫ్యాను ఆపేసి, చెమటలు కారుతున్నా కదలకుండా, దగ్గు రాకుండా నోరు మూసుకుని నాన్న కాపలా కాస్తున్నాడు.

మొదటి వాక్యానికే ఆమె గొంతు వణికింది. కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టింది.