హెడ్‌లైటులో నీలం గింజలు

ఉదయం 6:20. ముసురు పట్టి అది మూడో రోజు.

బడి గేటుకి ఇంకా రెండు వందల అడుగుల దూరం ఉందనగా అటెండరు బోర్లా పడి ఉన్నాడు. ప్రాణం లేదు. సైకిలు ముందు చక్రం వంకరపోయింది. చేతిలో తాళాలగుత్తి అలాగే ఉంది. పాతికేళ్లుగా రోజూ ఆరింటికి ఆ గేటు తీసేది ఆయనే.

గుద్దిన కారు ఆగలేదు.

రోడ్డు అంచున అరచేయంత హెడ్‌లైటు ముక్క దొరికింది. హెడ్ కానిస్టేబుల్ జేబురుమాలు తీశాడు.

"తుడవకండి బాబాయ్," అంది ఇన్‌స్పెక్టర్.

"బురద మేడమ్."

"బురదైతే పైవైపు అంటాలి. అటు వాన కడిగేసింది. ఇది లోపలివైపు."

ముక్క బోర్లా పడటంతో ఆ వైపు తడవలేదు. గోధుమరంగు పొర. దాని మీద నీటిచుక్కలు ఎండిన మచ్చలు. ఆమె దాన్ని జాగ్రత్తగా కవర్లో వేసింది.

10:30కి కార్లు బాగుచేసే మేస్త్రీ షెడ్డు దగ్గర టాక్సీ డ్రైవర్ దొరికితే, జీపెక్కించి స్టేషన్‌కి తెచ్చారు. ఆ ముక్కకి సరిపోయే మోడల్ కారు. కుడి హెడ్‌లైటు పగిలి ఉంది.

"ఎలా పగిలింది?"

"నిన్న సాయంత్రం లారీ టైరు కింద నుంచి రాయి ఎగిరొచ్చింది మేడమ్."

"ఎవరైనా చూశారా?"

"లేదు."

"పొద్దున ఐదున్నర నుంచి ఆరు దాకా ఎక్కడున్నావు?"

"ఇంట్లో. పడుకునున్నా."

"సాక్షి?"

"నా భార్య."

హెడ్ కానిస్టేబుల్ పెదవి విరిచాడు. ఆ భార్య బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఏడవటం లేదు. లోపలికి వెళ్లి వచ్చేవాళ్ల ముఖాలు మాత్రం ఒక్కొక్కటీ చూస్తోంది. ఆ చూపు తప్పించుకోవడం ఇన్‌స్పెక్టర్‌కి కష్టమైంది.

"లైటు లోపల ఎప్పుడైనా శుభ్రం చేయించావా?"

డ్రైవర్ తెల్లబోయాడు. "పది రోజులైంది. రెండిట్లోనూ నీరు చేరితే మేస్త్రీ అన్న విప్పి తుడిచాడు."

12:15. మేస్త్రీ షెడ్డు.

హెడ్‌లైటులో నీరు చేరినా, దుమ్ము పట్టినా ఊరంతా ఈయన దగ్గరికే వస్తుంది. ఇన్‌స్పెక్టర్ జీపు లైట్లకీ ఈయనే వైద్యుడు. ఇవాళెందుకో స్పానరు రెండుసార్లు చేజారింది.

"టాక్సీ తమ్ముడు అబద్ధం చెప్పడు మేడమ్. వాడి లైట్లు నేనే తుడిచా. పది రోజులు. లోపల ఇంత దుమ్ము కూడా ఉండదు."

"మళ్లీ తేమ చేరదా?"

"చేరకుండా వెనక మూత లోపల ఓ పొట్లం పెడతా. నీలం గింజలు. తేమంతా పీల్చుకుని గులాబీరంగుకి తిరుగుతాయి. ఈ వానలకైతే వారం చాలు." పని మాట వచ్చేసరికి ఆయన గొంతు కాస్త కుదుటపడింది.

షెడ్డు మూల ఆయన సొంత కారు. అదీ అదే మోడల్. లైట్లు అద్దంలా ఉన్నాయి.

"మరి మీవి?"

ఆయన కారు వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "నావీ ఆ రోజే చేశా. వాడివీ నావీ ఒకే పూట."

ఇన్‌స్పెక్టర్ హెడ్ కానిస్టేబుల్‌ని పక్కకి పిలిచింది. "ఇక్కడే కూర్చోండి బాబాయ్. నేను వచ్చేదాకా ఆ కారు మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు."

సాయంత్రం 4:00. షెడ్డు ముందు రెండు కార్లు. మేస్త్రీ, డ్రైవర్, అతని భార్య నిలబడి ఉన్నారు.

"మాకు దొరికిన ముక్క లోపల ఏళ్లనాటి మట్టి ఉంది," అంది ఇన్‌స్పెక్టర్. "పది రోజుల కింద తుడిచిన లైటుదైతే అలా ఉండదు. తుడిచారా లేదా, అదే తేలాలి."

టాక్సీ ఎడమ లైటు పగల్లేదు. దాని వెనక మూత తిప్పి పొట్లం బయటికి లాగింది. గింజలన్నీ గులాబీరంగు.

డ్రైవర్ భార్య గోడకి ఆనుకుంది.

తర్వాత మేస్త్రీ కారు. కుడి లైటు. మూత. పొట్లం.

ముదురు నీలం. ఒక్క గింజ కూడా రంగు మారలేదు. ఎడమ లైటులోనూ అంతే.

"ఒకే పూట పెట్టిన పొట్లాలు కావివి. తేడా తెలియకూడదని పొద్దున రెండు లైట్లూ మార్చేశారు. మార్చాక అలవాటు కొద్దీ పొట్లం కూడా పెట్టేశారు. అవునా?"

మేస్త్రీ పాత టైరు మీద కూలబడ్డాడు.

"ఊళ్లో అందరివీ తుడిచా. నావి రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ రెండేళ్లు గడిపేశా. ఆ మసక వెలుతుర్లో సైకిలు కనపడలేదమ్మా. కనపడేసరికే మీద పడ్డా."

"ఎందుకు ఆగలేదు?"

"భయమేసింది."

"దెబ్బ తగిలాక అటెండరు పావుగంట బతికే ఉన్నాడట. డాక్టరు చెప్పాడు."

మేస్త్రీ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"నన్ను జీపెక్కిస్తుంటే ఇక్కడే నిలబడి చూశావు కదన్నా," అన్నాడు డ్రైవర్.

"నిన్ను విడిపిద్దామనేరా నిజం చెప్పింది."

"సగమే చెప్పావు."

డ్రైవర్ భార్య భర్త చెయ్యి పట్టుకుని వానలోకి నడిచింది.

మబ్బులకి ఐదు కాకముందే చీకటి పడ్డట్టుంది. మేస్త్రీని వెనక సీట్లో కూర్చోబెట్టి, ఇన్‌స్పెక్టర్ జీపు లైట్లు వేసింది. తడి రోడ్డు, పక్కన కాలువ, దూరంగా బడి గేటు, దానికి వేలాడుతున్న తాళం, అన్నీ స్పష్టంగా కనిపించాయి. పోయిన నెల ఆ లైట్లు తుడిచింది మేస్త్రీయే.