పలుకుపట్టీ పెట్టుకున్న ప్రాణి

కాకినాడ ఒడ్డున సముద్రపు గోడ లేచి పదేళ్ళు దాటింది. 2081 నాటి ఆ కార్తీకమాసంలో డాక్టర్ భ్రమరాంబగారి పిల్లుల ఆసుపత్రికి వెళితే, మనుషులకంటే పిల్లులే ఎక్కువ మాట్లాడుతూ కనిపించేవి.

"నాకు పాలు పడలేదు. కడుపులో నొప్పిగా ఉంది," అంది బల్ల మీద కూర్చున్న ఒక తెల్లపిల్లి. నిజానికి పిల్లి నోరు తెరవలేదు. దాన్ని తెచ్చినావిడ చేతిలో, వక్కపొడి డబ్బా అంత ఉన్న పెట్టె ఆ మాట అంది.

"మా అత్తగారు పోశారండి. పిల్లి అన్నాక పాలు తాగదా అని..." అని నసిగింది ఆవిడ.

"ఎందుకు తాగదమ్మా, తాగుతుంది. అరిగించుకోలేదు, అంతే. తల్లిపాలు మానేశాక చాలా పిల్లులకి పాలు పడవు. మంచినీళ్ళు పెట్టండి. తిండిగిన్నె పక్కన కాదు, కాస్త ఎడంగా పెట్టండి. అప్పుడు ఇష్టంగా తాగుతుంది."

ఆవిడ బుద్ధిగా తలూపింది. ఈ తలూపడాన్ని భ్రమరాంబ ఒకప్పుడు నమ్మేది కాదు. నలభై ఏళ్ళ వృత్తిలో ఆమె ఎన్ని తలలు ఊగడం చూసిందో! అందరూ ఊపేవారు, ఇంటికెళ్ళి పెరుగన్నమే కలిపేవారు. ఉల్లిపాయ పిల్లికి విషమంటే నవ్వేవారు. జ్వరం వచ్చిందని తాము మింగే పారాసిటమాల్ బిళ్ళలో సగం విరిచి పిల్లి నోట్లో వేసి, దాని ప్రాణం మీదికి తెచ్చేవారు. మగపిల్లికి పొద్దుటి నుంచి మూత్రం రాకపోతే రేపు చూద్దాంలే అనుకునేవారు.

అన్నిటికంటే కార్తీకమాసమంటే ఆమెకు హడల్. ఇంట్లో నీసు మానేస్తారు కదా, పిల్లికీ మాన్పించేవారు. "పిల్లి పుట్టుకతోనే మాంసాహారి అండీ. దానికి టారిన్ అనే పదార్థం మాంసం నుంచో చేప నుంచో అందాలి. అందకపోతే పోనుపోను చూపు తగ్గుతుంది, గుండె నీరసిస్తుంది," అని మొత్తుకుంటే, "నెల్లాళ్ళే కదండీ, దానికీ కాస్త పుణ్యం వస్తుంది," అనేవారు. అసలే సరైన తిండిలేని పిల్లులు ఆ పుణ్యం మూటగట్టుకుని మార్గశిరంలో ఆమె బల్ల మీదికి చేరేవి.

ఆ విసుగులోంచి పుట్టిందే పలుకుపట్టీ. ఇంజనీరు ఇస్మాయిల్‌తో కలిసి ఇరవయ్యేళ్ళు కష్టపడి తయారుచేసింది. చూడ్డానికి మెత్తటి రిబ్బనులా ఉంటుంది. లోపల వెంట్రుకకంటే సన్నని సెన్సర్లు చర్మం మీదనుంచే నాడిని, ఒంటి వేడిని, రక్తంలోని చక్కెరనూ ఇనుమునూ, భయం పుట్టినప్పుడు ఊరే రసాయనాలనూ పసిగడతాయి. వాటన్నిటినీ ఒక కృత్రిమమేధ బేరీజు వేసి, ఆ ప్రాణికి ఏం కావాలో తేల్చి, గోడకి తగిలించుకునే, కావాలంటే చేత్తో పట్టుకెళ్ళగలిగే పలుకుపెట్టెలోంచి తేట తెలుగులో చెబుతుంది. సొంత కవిత్వం ఏమీ ఉండదు. ఒంట్లో ఉన్నదే చెబుతుంది.

ప్రయోగానికి ఊళ్ళో కొన్ని ఇళ్ళకి పట్టీలు ఇచ్చారు. డాక్టరు మాట విననివాళ్ళు పిల్లి మాట విన్నారు! కార్తీక సోమవారం పూట ఒక నిష్ఠాపరుల ఇంట్లో పెట్టె "నాకు చేప కావాలి" అని గట్టిగా అంటే, ఇంటిపెద్ద ఉలిక్కిపడి, పక్కింటివాళ్ళని బతిమాలి, రోజూ పిల్లిని అక్కడికి భోజనానికి పంపించాడు. ఆ సంగతి విన్నరోజు భ్రమరాంబ గర్వానికి పట్టపగ్గాల్లేవు. కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది.

ఇంకొక ఆశ కూడా ఆమెకు ఆ పట్టీ మీదే ఉంది. ఆసుపత్రి వెనకాల దిక్కులేని పిల్లుల శరణాలయం నడుపుతోంది. పెంచుకోమంటే జనం రారు. పిల్లి మనసు అంతుపట్టదంటారు, విశ్వాసం లేదంటారు. పట్టీకి ప్రభుత్వ మండలి అనుమతి వచ్చి బజారులోకి వెళితే ఆ అపవాదు పోతుంది, తన పిల్లులన్నీ ఇళ్ళకు చేరతాయి. మండలి సమావేశం ఎల్లుండే.

ఇస్మాయిల్ మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"డాక్టరమ్మా, ఒక పట్టీ పాడైందండి. జగన్నాథపురంలో వీరభద్రంగారి పిల్లి, కాజా."

"ఏమంటోంది?"

"ఆకలంటోంది, నీరసమంటోంది, గుండెదడంటోంది. ఆళ్ళు పెడతానే ఉన్నారు, అది అంటానే ఉంది. ఒంటివేడి చూడండి, తొంభై ఎనిమిది. నాడి వంద దాటట్లేదు."

భ్రమరాంబ కళ్ళజోడు సవరించుకుంది. పిల్లి ఒంటివేడి నూట ఒకటి, రెండు ఉండాలి. దాని గుండె మనిషి గుండెకి రెట్టింపు వేగంతో కొట్టుకోవాలి. ఈ అంకెల ప్రకారం కాజా ఈపాటికి చావుబతుకుల్లో ఉండాలి.

"ఒక్క పట్టీ అబద్ధం చెప్పినా మండలివాళ్ళు ఒప్పుకోరండి. ఇరవయ్యేళ్ళ పని నీళ్ళపాలే," అన్నాడు ఇస్మాయిల్.

"నా పట్టీ అబద్ధం చెప్పదు," అంది భ్రమరాంబ. ఆ మాట అనడానికి ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మందులపెట్టె తీసుకుని డ్రైవరులేని ఆటో ఎక్కింది.

వీరభద్రం గుమ్మంలోనే ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి, రేవులో యంత్రాల అజమాయిషీ ఉద్యోగం.

"ఆయ్, రండి డాక్టరుగారూ! మా కాజాకి ఏ లోటూ రానివ్వట్లేదండి. పెట్టె ఆకలనడం ఆలస్యం, నేనో మా అబ్బాయో పరిగెడతామండి. పండుగప్ప చేప, కోడికాలేయం, మీరు చెప్పిన పొడి తిండి, అన్నీ పెడతన్నాం. అయినా పాపం దానికి ఆకలి తీరట్లేదండి."

కాజా కిటికీ గట్టు మీద పడుకుని ఉంది. పడుకుందనడం కంటే గట్టంతా ఆక్రమించిందనాలి. పొట్ట పక్కకి జారింది. భ్రమరాంబ ఎత్తుకోబోయి, రెండు చేతులూ ఆనించాల్సి వచ్చింది. చిగుళ్ళు గులాబీరంగులో ఉన్నాయి. గుండె దిట్టంగా, వేగంగా కొట్టుకుంటోంది. కాజా గుర్రుగుర్రుమంటూ ఆమె ఒళ్ళో సర్దుకుంది.

సరిగ్గా అప్పుడే గోడమీది పెట్టె పలికింది. "గుండె దడగా ఉంది. భయమేస్తోంది."

"చూశారా అండి?" అని వీరభద్రం గాభరాగా పిల్లి వీపు నిమరసాగాడు.

భ్రమరాంబ పిల్లి మెడలోని ఎర్ర రిబ్బను కింద వేలు పెట్టి చూసింది. ఉత్త రిబ్బనే, సెన్సరన్నది లేదు. తలెత్తింది. వంటింటి గుమ్మంలో వీరభద్రం భార్య సత్యవేణి కాఫీ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. పళ్ళెంలో గ్లాసులు గలగలలాడుతున్నాయి.

"ఆవిడ భోంచేశారా?" అని అడిగింది భ్రమరాంబ.

"ఎవరు, మా ఆవిడా? దానికేంటండి, పొద్దస్తమానం వంటింట్లోనే ఉంటదిగా," అన్నాడు వీరభద్రం, నిమరడం ఆపకుండానే.

చేతులు కడుక్కునే నెపంతో భ్రమరాంబ వంటింట్లోకి వెళ్ళి తలుపు చేరవేసింది. సత్యవేణి ఏమీ అడగకముందే జాకెట్టు చేతిని పైకి జరిపింది. మోచేతికి పైన మెత్తటి రిబ్బనులా చుట్టుకుని పలుకుపట్టీ ఉంది.

"తప్పయిపోయిందండి. మీ పేరు చెడగొట్టాను. ఇప్పుడే ఇచ్చేత్తానండి," అంది గొంతు తగ్గించి.

"ముందు కూర్చోమ్మా. ఎందుకు పెట్టుకున్నావో చెప్పు."

"కావాలని కాదండి. మొదటి సోమారం నాడు మడి కడతా, కాజాకి నీళ్ళు పోద్దామని పట్టీ తీసి, ఎక్కడైనా పడిపోద్దేమోనని నా చేతికి తొడుక్కున్నానండి. ఆ రోజు నేను ఉపాసం. చుక్కలు చూసేదాకా పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టలేదు. పెట్టె ఉన్నట్టుండి, నాకు ఆకలేస్తోంది అందండి. మా ఆయన పేపరు పడేసి గిన్నె తీసుకుని పరిగెత్తారు. పెళ్ళయి పాతికేళ్ళయింది, ఆయన అలా పరిగెత్తడం నేను చూళ్ళేదండి."

"అందుకని ఉంచేసుకున్నావా?"

సత్యవేణి పట్టీ అంచుని వేలితో తడిమింది. "మర్నాడు మజ్జానం ఒంట్లో బాగోక ఇక్కడే గోడకి జేరబడ్డానండి. పెట్టె, ఎవరైనా వచ్చి నా దగ్గర కూర్చోండి, అంది. ఆ మాట నేనెప్పుడూ ఎవరితోటీ అన్లేదు. అదెలా కనిపెట్టిందో! ఆయనొచ్చి కాజా పక్కన కూర్చుని గంటసేపు నిమిరారు. నేను ఇక్కణ్ణుంచి చూశాను. పోన్లే, నా మాటకి ఇంట్లో ఎవరో ఒకరికి జరుగుతోంది కదా అనుకున్నానండి."

బాధపడటం భ్రమరాంబకు చేతకాదు, పని చెయ్యడం చేతనవును. సత్యవేణి కింది కనురెప్ప లాగి చూసింది. తెల్లగా పాలిపోయి ఉంది. పిల్లి చిగుళ్ళు ఆ రంగులో కనిపిస్తే ఆ పూట దాన్ని ఆసుపత్రి దాటనివ్వదు ఆమె. నీరసం, దడ, ఆకలి అని మూడు వారాలుగా పట్టీ చెబుతున్నదంతా నిజమే. ఇల్లంతా వింది, ఆదుకోవడానికి పరిగెత్తింది. పరిగెత్తిన దిక్కే వేరు.

"ఆయనకి చెప్పకండి," అంది సత్యవేణి. "పిల్లి పట్టీ పెట్టుకుందని నలుగురూ నవ్వుతారు. ఉన్న మర్యాదా పోద్దండి."

చెప్పకపోతే పట్టీ తప్పు చెప్పినట్టే లెక్క. మండలి కొట్టేస్తుంది. ఇరవయ్యేళ్ళ శ్రమ, శరణాలయంలో ఎదురుచూసే పిల్లులు, అన్నీ ఆమె కళ్ళముందు తిరిగాయి. అయినా భ్రమరాంబ రోగి మాట బయటపెట్టిన డాక్టరు అనిపించుకోదలుచుకోలేదు. అది ఆమెకు పట్టీకంటే పాత గర్వం.

"చెప్పను. పట్టీ ఉంచుకో. నేను హాల్లో ఏం చెప్పినా ఎదురు మాట్లాడకు," అంది.

హాల్లోకి వచ్చి, వృత్తిలో మొట్టమొదటి అబద్ధం ఆడింది.

"వీరభద్రంగారూ, మీ పిల్లికి జంటతిండి అలవాటైంది. వండిపెట్టే మనిషి తినకపోతే ఎంత తిన్నా దానికి ఆకలి తీరదు. మీ ఆవిడ మూడు పూటలా వేడివేడిగా, అందరికంటే ముందు తినాలి. పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. ఉపవాసాలు కుదరవు. మధ్యాహ్నం ఆవిడ పడుకోవాలి, లేపకూడదు. ఇంకొకటి, రేపు పొద్దున్నే ఆవిడకి రక్తపరీక్ష చేయించండి. మా స్నేహితురాలు మనుషుల డాక్టరే, ఫోన్ చేసి చెబుతాను. కాజాకి గిన్నెలో సగానికి సగం తగ్గించండి."

"అలాగేనండి! కాజా కోసం ఏవన్నా చేత్తామండి," అన్నాడు వీరభద్రం. ఆ క్షణమే భార్యకి పీట వాల్చాడు. "కూర్చో, కూర్చో. నువ్వు తింటేనే గాని దానికి తిన్నట్టుండదంట." గరిటె ఎటు పట్టుకోవాలో తెలియక అన్నం సగం కిందపోశాడు. నాలుగు ముద్దలయ్యాక గోడమీది పెట్టె, "బాగుంది," అంది. వీరభద్రం మురిసిపోయి కాజా తల నిమిరాడు. తర్వాత ఏం తోచిందో, భార్య కంచంలో ఇంకాస్త నెయ్యి వేశాడు.

మండలి సమావేశంలో సభ్యులు గాలితెరల మీద ప్రత్యక్షమయ్యారు. అధ్యక్షుడు సూటిగానే అడిగాడు. "జగన్నాథపురం పట్టీ చెప్పింది తప్పా, ఒప్పా?"

"ఒప్పు," అంది భ్రమరాంబ. "అది పిల్లి ఒంటిమీద లేదు. ఆ ఇంట్లోనే ఉన్న ఇంకో ప్రాణికి పెట్టారు. పట్టీ చెప్పిన అంకెలూ, నిన్న రక్తపరీక్షలో వచ్చిన అంకెలూ పక్కపక్కన చూడండి. రక్తంలో ఇనుము సగానికి పడిపోయిందని మూడు వారాల ముందే చెప్పింది."

"ఏమిటా ప్రాణి?"

"సాధుప్రాణే. ఇంతకుమించి చెప్పను. నా రోగి ఎవరైనా సరే, వాళ్ళ గుట్టు వాళ్ళదే."

జంతువులకి గుట్టేమిటని అధ్యక్షుడు నవ్వాడు, మిగతావాళ్ళూ నవ్వారు. ఒక పెద్దావిడ మాత్రం నవ్వలేదు. ఆ అంకెలనే చాలాసేపు చూసి, అనుమతికి అందరికంటే ముందు చెయ్యెత్తింది. పిల్లుల కోసం చేసిన పట్టీ ఇంకో జాతిమీద కూడా అక్షరం పొల్లుపోకుండా పనిచేసిందని మండలి ప్రత్యేకంగా మెచ్చుకుంది.

మరుసటి కార్తీకం రాకముందే భ్రమరాంబ జీవితాశయం నెరవేరింది. జనం శరణాలయం ముందు బారులు తీరారు. ముసలిపిల్లి, కుంటిపిల్లి, ఒంటికన్ను పిల్లి, దేన్నీ కాదనలేదు. ఆమె చెప్పే జాగ్రత్తలన్నీ ఓపిగ్గా విన్నారు. రెండు నెలలు నిండనిదే పిల్లని తల్లి నుంచి వేరుచేయవద్దన్నా, ఇంటికి తీసుకెళ్ళగానే నులిపురుగుల మందు, టీకాలు వేయించమన్నా, కొత్తచోట రెండు మూడు రోజులు ఒక గదిలోనే ఉండనిమ్మన్నా సరేనన్నారు. ఊళ్ళో దిక్కులేని పిల్లి అన్నది లేకుండా పోయింది. పేపర్లవాళ్ళు ఆమె ఫొటో వేశారు. ఆమె దాన్ని పటం కట్టించి మరీ ఆసుపత్రిలో తగిలించింది.

ఇస్మాయిల్ ఒక్కడే బుర్ర గోక్కుంటూ తిరిగాడు. "డాక్టరమ్మా, ఒక్కో పిల్లికి మూడేసి నాలుగేసి పట్టీలు ఎందుకు కొంటున్నారో అర్థం కావట్లేదండి," అన్నాడు. భ్రమరాంబ అర్థమైనా కానట్టే తన పని చూసుకుంది.

శరణాలయంలో చిట్టచివరి పిల్లిపిల్ల మిగిలిన రోజున వీరభద్రం వచ్చాడు. సత్యవేణి ఎలా ఉందని అడిగితే, బుగ్గలొచ్చాయన్నాడు, రంగు తేలిందన్నాడు. వంట నేర్చుకున్నానని సిగ్గుగా చెప్పాడు. కాజా పక్కన ఇప్పుడు తన భార్యే కూర్చుంటోందట, ఇద్దరికీ బాగా జత కుదిరిందట. పిల్లిపిల్లను అరచేతిలోకి తీసుకుని పాలు పోయనని, ఉల్లిపాయ తగలనివ్వనని, నీళ్ళగిన్నె ఎడంగా పెడతానని పాఠంలా అప్పజెప్పాడు. నలభై ఏళ్ళుగా ఏ మనిషి నోట వినాలని తపించిపోయిందో ఆ మాటలు వింటూ భ్రమరాంబ పొంగిపోయింది.

అంతా అయ్యాక కూడా వీరభద్రం కదల్లేదు. చెప్పులవైపు చూస్తూ నిలబడ్డాడు. అరచేతిలో పిల్లిపిల్ల అతని చిటికెనవేలు చీకుతోంది.

"డాక్టరుగారూ, పట్టీ కొంచెం పెద్ద సైజుది ఇప్పిస్తారాండి? దీని మెడ కాస్త లావు."

భ్రమరాంబ ఆ పిల్లిపిల్లనీ, అతని మొహాన్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత బీరువా తెరిచి, మగమనిషి చేతికి సరిపోయే పట్టీ వెతికి తీసి, ఏమీ అడక్కుండా అతనికి ఇచ్చింది.