ఎండెక్కేదాకా

మోత్కూర్‌ల ఆ ఇంట్ల ఒక రివాజు ఉండేది. పొద్దుగాల ఎండ వాకిట్లకొచ్చి నీలం నీళ్ల డ్రమ్ము మీద పడేదాకా గుర్వమ్మను ఎవ్వరూ ఏ పనీ అడగొద్దు. ఆమెకు ఏండ్ల సంది కీళ్లవాతం. లేవంగనే రెండు చేతుల వేళ్లు బిగుసుకపోయి ఉంటయి, చీర కుచ్చిళ్లు పెట్టుకోరాదు, జడ వేసుకోరాదు. కోడలు ప్రణీత కొత్తగ కాపురానికి వచ్చినప్పుడు తెల్వక చాయ్ గిలాస చేతికిస్తే అది జారి పగిలింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల నేర్చుకుంది. తొందర పెట్టొద్దు. టబ్బుల గోరువెచ్చటి నీళ్లు పెడితే అత్తమ్మ రెండు చేతులు అండ్ల ముంచి కూసుంటది, తను ఎనక పీట మీద కూసోని ఆమె తల దువ్వుతది, ఇద్దరు వాడకట్టు ముచ్చట్లన్నీ చెప్పుకుంటరు, ఎండెక్కుతది, వేళ్లు ఇడుస్తయి. గంతే.

పక్కింటి సుక్కమ్మ గోడ మీంచి చూసి, "నాకు గూడ గిసొంటి కోడలు దొరికితే నేను గూడ ఏదన్న రోగం తెచ్చుకుందు" అనేది.

"నీ రోగం నోట్లెనే ఉన్నది, దానికి కోడలు సాలదు" అనేది గుర్వమ్మ.

ఆ పొద్దు గూడ అట్లనే మొదలైంది. మామ పోయి చానా ఏండ్లయింది, ప్రణీత మొగడు అమరేందర్ మేళ్లచెరువుల సిమెంటు ఫ్యాక్టరీల పనిజేస్తడు, వారానికోసారి వస్తడు. ఇంట్ల అత్తాకోడండ్లే. ప్రణీత నీళ్లు తెచ్చి పెట్టి, "చేతులెట్లున్నయి అత్తమ్మా?" అనడిగింది.

"కుడిది రోజటి లెక్కనే. ఎడమది ఇయ్యాల నొస్తలేదు బిడ్డా. అసలు ఉన్నదో లేదో గూడ తెలుస్తలేదు."

"నొస్తలేదా? మంచిదే గదా మరి."

"మంచిదే. జరసేపుండు, ఎండెక్కితే లేస్తది."

మాట జర ముద్దగ వచ్చింది, నిద్ర మత్తనుకుంది ప్రణీత. ఎడమ చెయ్యిని తనే ఎత్తి నీళ్లల్ల పెట్టింది, ఎనకకు పోయి దువ్వెన తీసింది. నొప్పి లేదన్న సంతోషంల ఆ రోజు ఇంకా ఎక్కువ ముచ్చట్లు చెప్పింది, పత్తి ఏరనీకె కూలోళ్లు దొరుకుతలేరని, సుక్కమ్మ మనవడు బడికి పోనని మంచం కిందికి దూరిండని. అత్తమ్మ ఊ కొడుతనే ఉన్నది. జడ వేస్తుంటే ఎడమ పక్కకు ఒరిగింది, నిటారుగ కూసోవెట్టి మళ్ల దువ్వింది. ఎండ డ్రమ్ము మీదికొచ్చింది. కుడి చేతి వేళ్లు ఇడిసినయి. ఎడమ చెయ్యి ఇడవలేదు. ఇంకొంచెం ఆగుదాం అనుకుంది, ఇంకొంచెం ఆగింది. సుక్కమ్మ చక్కెర బదులడగనీకె వచ్చి, గుర్వమ్మ ముందు నిలబడి, నవ్వబోయి ఆగిపోయింది.

"ఏందే ప్రణీతా, మీ అత్త మూతి గట్ల పక్కకు పోయింది?"

అప్పటిదాకా ప్రణీత అత్తమ్మ మొకం సరిగ చూడనేలేదు. పొద్దటి సంది ఎనకనే కూసున్నది.

నల్లగొండ దవాఖానల డాక్టరమ్మ సన్నగ, నెమ్మదిగ మాట్లాడే మనిషి. పక్షవాతం అన్నది. మెదడుకు పోయే నరంల రక్తం గడ్డ కట్టింది, గడ్డను కరిగించే సూది ఉంటది గని దాని టైం దాటిపోయింది అన్నది.

"లేచినప్పుడే చెయ్యి రాలేదు గదమ్మా, మరి ఇంతసేపు ఎందుకాగిండ్రు?"

"ఎండెక్కితే ఇడుస్తది మేడమ్" అన్నది ప్రణీత. "రోజు గట్లనే ఇడుస్తది."

డాక్టరమ్మ కోపం చెయ్యలేదు. "కీళ్లవాతమంటే కీళ్లదొక్కటే కాదు. మనల్ని కాపాడాల్సిన ఒంటి శక్తే మన ఒంటి మీద పడతది. ఆ వాపు కీళ్లల్ల కండ్లకు కనపడ్తది, రక్తనాళాలల్ల కనపడదు. అక్కడ లోపటి గోడలు పాడైతే గడ్డలు కట్టొచ్చు. అందుకే ఇసొంటోళ్లకు పక్షవాతం ముప్పు జర ఎక్కువ. వాపు తగ్గనీకె వారానికోసారి వేసుకునే గోలీలు తప్పకుండ వేసుకుంటున్నదా?"

ప్రణీత తల అడ్డంగ ఊపింది. అత్తమ్మ వాటిని కొన్ని నెలల కింద బంద్ చేసింది.

"బంద్ చేసినందుకే ఇది వచ్చిందని నేను చెప్పలేను. కానీ వాపును ఇడిసిపెట్టొద్దు."

ప్రణీత అన్నీ విన్నది, అన్నీ గుర్తు పెట్టుకుంది. ఏడుపు మాత్రం రాలేదు. లోపట ఎక్కడ తడిమినా ఏం తగుల్తలేదు.

ఇంటికి తోలుకొచ్చినంక గూడ గంతే. అన్నం వండేది, ఉతికేది, అత్తమ్మను పక్కకు తిప్పేది, ఎవరన్న ఏదన్న అడిగితే సమాధానం చెప్పేది. తల మాత్రం దువ్వలేదు. ఆ దువ్వెనను ముట్టలేదు. హైదరాబాద్ నుంచి ఆడబిడ్డ మల్లిక వచ్చింది, అమరేందర్ కంటె పెద్దది, తల దువ్వుడు ఆమె చేసింది. డాక్టరమ్మ చెప్పినట్టు పొద్దున్నే అత్తమ్మ ఎదురుంగ కూసోని పరీక్ష చేసుడు ప్రణీత పని. "నవ్వు అత్తమ్మా. రెండు చేతులు లేపు. నా పేరు చెప్పు." బడిల హాజరు తీసుకున్నట్టు అడిగేది. గుర్వమ్మ మూతి ఒకదిక్కే లేచేది, పేరు సగమే వచ్చేది, ఎడమ చెయ్యి దుప్పటి మీద పడి ఉండేది.

అమరేందర్ సెలవు పెట్టి వచ్చిన రోజు వంటింట్ల మల్లిక ఆగలేకపోయింది.

"ఒకటడుగుత చెప్పు ప్రణీతా. మూతి వంకరపోతే తెల్వదా? గంతసేపు తల దువ్వుకుంట కూసున్నవా?"

ప్రణీత బియ్యం కడుగుతనే ఉన్నది.

"నిన్నే. నోట్లె నాలుక లేదా?"

"తప్పయింది వదినా."

"తప్పయిందంట. మా అమ్మ చెయ్యి పోయింది, నీకు కండ్లల్ల ఒక్క చుక్క నీళ్లు లేవు. రాయి గూడ నీకంటె నయం."

"అక్కా, జర ఊకో" అన్నడు గుమ్మంల నిలబడ్డ అమరేందర్.

"నేనెందుకు ఊకోవాలెరా? పెండ్లాన్ని ఏమన్న అంటే రోషమొచ్చిందా?"

"గోలీలు బంద్ చెయ్యమన్నదెవరక్కా?"

కిడ్నీలు ఖరాబైతయని ఫోన్ల వీడియో చూసి అమ్మకు చెప్పింది మల్లికనే. ప్రణీత వద్దన్నా, డాక్టర్‌నడుగుదామన్నా, బిడ్డ చెప్పిందని గుర్వమ్మ ఇనలేదు.

"నేను అమ్మ మంచికే చెప్పిన" అన్నది మల్లిక.

"మరి ప్రణీత? ఇది గూడ అమ్మ మంచికే ఆగింది. ఇన్నేండ్లల్ల మనం ఒక్కనాడన్న ఆమె వేళ్లు ఇడిసేదాకా కూసున్నమా? కూసున్నది గిదొక్కతే. కూసున్నందుకే తప్పయింది దీనికి. మనం కూసోనందుకు మనకు ఏ తప్పూ లేదు."

మల్లిక బండ మీద అట్లనే కూలబడి ఏడ్చింది. ఆమె పక్కన కూసోవాలె, బుజం మీద చెయ్యి వెయ్యాలె అని ప్రణీతకు తెలుస్తనే ఉన్నది, చెయ్యి మాత్రం లేవలేదు. కడిగిన బియ్యం పొయ్యి మీద పెట్టింది.

తెల్లారి అత్తమ్మ మంచం దగ్గరికి పోయేసరికి మల్లిక అక్కడ ఉన్నది. చేతుల గోలీల డబ్బా. కండ్లు ఉబ్బినయి. "రాత్రి డాక్టరమ్మతోని మాట్లాడిన. మళ్ల మొదలు పెట్టుమన్నది. నేనే వేసిన" అని, దువ్వెన తీసి ప్రణీత చేతిల పెట్టింది. "నాకు మంచిగ వస్తలేదు. అమ్మ రోజు మూలుగుతాంది. నువ్వే దువ్వు."

ప్రణీత దువ్వెన ఒళ్లె పెట్టుకోని, ముందు ఎదురుంగ కూసున్నది.

"నవ్వు అత్తమ్మా."

గుర్వమ్మ నవ్వలేదు. కోడలి దిక్కే చూస్తున్నది.

"నవ్వు అత్తమ్మా. జర చూడాలె."

"నువ్వు..." అన్నది గుర్వమ్మ. మాట ఒక్కొక్కటే కూడుకోని వస్తున్నది. "ముందుగాల... నువ్వు నవ్వు."

"నాకేమైంది? నాకేం కాలేదు."

"నాది... ఒకదిక్కే పడ్డది. నీ మొకం... రెండు దిక్కులా పడ్డదే... బిడ్డా."

ప్రణీత నవ్వుదామనే చూసింది. అత్తమ్మ అడిగింది గదాని పెదవులు అటూ ఇటూ లాగింది, నవ్వు రాలేదు, ఇంకోసారి లాగింది, అవి వణికినయి, ఆ వణుకు గొంతుకు దిగి ఇన్ని రోజుల సంది ఎక్కడ దాగిందో అంతా ఒక్కసారి పైకొచ్చింది. మంచం పట్టె మీద తలపెట్టి, "నేను నీ మొకం చూడలే అత్తమ్మా, నేను ఎనకనే కూసున్న" అని చిన్నపిల్ల లెక్క ఏడ్చింది. మల్లిక వచ్చి ఆమె ఈపు మీద చెయ్యేసి కూసున్నది.

గుర్వమ్మ కుడి చెయ్యి లేపింది. వేళ్లు ఇంకా ఇడవలేదు, బిగుసుకొనే ఉన్నయి, ఆ వంకర వేళ్ల వెనకదిక్కుతోనే కోడలి చెంపలు మెల్లగ తుడిచింది, ఒకటి, మళ్ల ఇంకోటి.

వాకిట్ల ఎండ ఇంకా డ్రమ్ము మీదికి రాలేదు.