పొగమంచు కింద మనిషి

చీకటి పడ్డాక ఆ చిత్రశాల చివరి గదిలోకి కాపలావాళ్లే పోరు. లోపల ఎవరో కుంచె కడుగుతున్న చప్పుడు వస్తుందట. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి... నేను విన్నది చెబుతున్నా.

ఆ గదిలో ఉన్నది ఒకే ఒక్క బొమ్మ. చెరువు, రెల్లుగడ్డి, గట్టంతా పొగమంచు. దాంతోనే బొమ్మలు నేర్పే మాస్టారొకాయనకి బోలెడంత పేరొచ్చింది. చూడ్డానికి ఎవరొచ్చినా ఆయనది ఒకటే పాట: "చెరువంటే మనసు. మంచంటే ప్రశాంతత."

ప్రశాంతతట, ఈయన మొహం! ఆ బొమ్మ వేసింది ఆయన చెల్లెలు. గట్టు మీద తనను తానే వేసుకుంది, వీపు మనవైపు పెట్టి. ఆ పిల్ల జ్వరమొచ్చి పోయిందో లేదో, అన్నగారు ఆమె సంతకం గీకేసి తనది పెట్టుకున్నాడు. ఎవరైనా పోల్చుకుంటారేమోనని ఆ మనిషి మీద తెల్లరంగు పల్చగా పూసేశాడు. అదీ ఆ మంచు!

కానీ నూనె రంగు పాతబడేకొద్దీ పల్చబడుతుంది. అడుగున దాచింది మెల్లగా బయటపడుతుంది. ఎంతోమందికి పాఠం చెప్పిన మనిషి, తొందరలో అదే మరిచిపోయాడు.

రేపు ఆ బొమ్మ ముందే సన్మానమనగా చూసుకుంటే — మంచులో జడ కనిపిస్తోంది. ఇన్నేళ్ల పేరు రేపు మంటగలిసిపోదూ! ఆ రాత్రి ఎవరికీ చెప్పకుండా కుంచె, తెల్లరంగు పట్టుకుని వెళ్లాడు.

జడ కప్పాడు... భుజం తేలింది. భుజం కప్పాడు... చెంప తేలింది.

చెంపా? ఇటున్నది వీపు కదా!

ఆమె తల తిప్పుతోంది.

"అన్నయ్యా—" చెవి పక్కనే, గుసగుసగా. "మంచుకి అర్థం ఊరందరికీ చెప్పావు. నాకు చెప్పవూ?"

"తప్పైపోయిందే తల్లీ... వదిలెయ్యి..."

"వదిలేస్తా. సంతకం పెట్టాలి కదా... నీ చెయ్యి ఇలా ఇయ్యి."

తెల్లారి పెద్దలంతా వచ్చేసరికి మాస్టారు నేల మీద కూలబడి ఉన్నాడు. బొమ్మలో మంచు లేదు. గట్టు మీద పిల్ల సూటిగా చూస్తోంది. మూలన ఆమె పేరు, ఇంకా తడారలేదు.

"రాత్రి ఈయనే తుడిచేసి, నిజం రాసేశాడన్నమాట. చివరికైనా బుద్ధొచ్చింది, పోనీలే" అనుకున్నారు అందరూ.

ఆయనా బతికిపోయాననే అనుకున్నాడు. కొత్త బొమ్మ వేసి, కింద తన పేరు రాయబోయాడు. చెల్లెలి పేరు పడింది. కొట్టేసి మళ్లీ రాశాడు. మళ్లీ ఆమె పేరే.

కుడిచెయ్యి పోతే పోయిందిలే అని ఎడమచేత్తో రాశాడు...

అదీ ఆమె పేరే రాసింది.