పొద్దుటి పొంగు

"ఈ ముసలాయన్ని అరెస్టు చెయ్యాలి," అంటూ కల్నల్ సెర్జాన్ ఫోటో బల్లమీదికి తోశాడు. "ప్రొఫెసర్ సగిందిక్."

ఏజెంట్ ఎల్దోస్ ఫోటో చూశాడు. ఉన్ని టోపీ, నవ్వే కళ్ళు.

"ఏం చేశాడు సార్?"

"ఆల్మతీ నగరం పైన కొండమీద రాడార్ స్టేషన్ ఆయనదే. ఆకాశం పైపొరలో ఎలక్ట్రాన్ల వేడి కొలిచి, ఏ వేళకి ఎంత ఉంటుందో మోడల్ కడతాడు. వేడి తప్పితే రాడార్ లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే మన కొత్త శాటిలైట్ పోయి పాత రాకెట్ ముక్కకి గుద్దుకుంటుంది. ఒక విదేశీ ముఠాకి కావలసింది అదే. లోపలి మనిషెవరో మోడల్‌ని పాడుచేస్తున్నారు. ఆయనేనని కురలాయ్ కబురు పంపింది."

కురలాయ్ ఆ స్టేషన్లో డేటా చూసే అమ్మాయిగా తిరుగుతున్న మన ఏజెంటు.

కల్నల్ ఒక పెన్ను ఇచ్చాడు. "నొక్కితే ఫ్లాష్. ఎదుటివాడికి కాసేపు కళ్ళు కనపడవు. నువ్వు రాడార్ మెకానిక్‌వి. వెళ్ళి సాక్ష్యం పట్టు."

స్టేషన్ గేటు దగ్గర వెండి లోలకుల అందగత్తె ఎదురొచ్చింది.

"ఈ ఏడు మంచు తొందరపడింది," అన్నాడు ఎల్దోస్.

"ఆపిల్ చెట్లకి మంచిదేలే," అని కోడ్ పూర్తిచేసి నవ్వింది కురలాయ్. ఆ నవ్వుకి ఎల్దోస్ రెండు మెట్లు తప్పాడు.

సగిందిక్ అతణ్ణి తన ఇంట్లోనే దింపుకున్నాడు. రోజూ స్వయంగా టీ పోశాడు, అదీ గిన్నె అడుగున కొంచెమే. ఇష్టమైన అతిథికి అక్కడ అలాగే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోసే వంకతో కూర్చోబెట్టుకోవచ్చని. నిండా పోశారంటే తాగి ఇక దయచేయమని.

"స్క్రూడ్రైవర్ని చెంచాలా పట్టుకుంటావేంరా? నిన్ను మెకానిక్‌ని చేసిన మహానుభావుడెవరు?" అని ఆటపట్టించేవాడు పెద్దాయన.

"చదువు అబ్బలేదు మాస్టారూ."

"అయితే ఇప్పుడు నేర్చుకో. ఇదిగో, ఈ కాస్త టీలో చెంచాడు చక్కెర వేశా. తాగు."

"అబ్బా, తీపి!"

"తెల్లవారేటప్పుడు పైన ఎలక్ట్రాన్లు ఇలాగే కొంచెం ఉంటాయి. ఎండ పడగానే ఆ వేడంతా వాటికే. అందుకే ఒక్కసారిగా పొంగుతుంది. మధ్యాహ్నానికి గిన్నె నిండుతుంది, చక్కెర అందరికీ పంచాలి, చప్పబడుతుంది. పొద్దుటి పొంగు లేని మోడల్‌ని పొయ్యిలో పెట్టాలి."

ఆయన రొట్టె కోసం లోపలికి వెళ్ళాడు. ఎల్దోస్ బల్లకింద మైక్ అతికించాడు. నోట్లో ఆ తీపి ఇంకా ఉంది. సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా అతికించాడు.

రాకెట్ ముక్కని తప్పించడానికి శాటిలైట్ దారి మార్చే రోజు పొద్దున్నే మైక్‌లో ఆయన గొంతు వినిపించింది. ఫోన్లో ఎవరితోనో అంటున్నాడు. "పాత అంకెలన్నీ తీసేశాను. కొత్తవి పెట్టాను. ఎవరికీ చెప్పకు, చూసి ఆశ్చర్యపోవాలి."

"ఇంకేం సాక్ష్యం కావాలి నీకు?" అంది పక్కనే వింటున్న కురలాయ్.

ఎల్దోస్ బేడీలు తీశాడు. టీ కలుపుతున్న చేతులకే వేశాడు. ముసలాయన పొయ్యిమీద పాలు పొంగుతున్నాయని కళ్ళతో చూపించాడు, అంతే. ఎల్దోస్ వెళ్ళి దించాడు. ఆయన్ని అక్కడే కూర్చోబెట్టి, కురలాయ్ సరిచేసి శాటిలైట్ కేంద్రానికి పంపుతానన్న మోడల్ ఫైలు భద్రంగా వెళ్తోందో లేదో చూడడానికి కంట్రోల్ రూముకి పరిగెత్తాడు.

కురలాయ్ అప్పటికే పంపుతోంది. తెరమీద తొంభై శాతం. పక్కనే మోడల్ గీత, తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా నున్నగా, చదునుగా.

ఎల్దోస్ తెర దగ్గరికి వంగాడు.

"పొద్దుటి పొంగేది కురలాయ్?"

ఆమె నవ్వు ఆగింది. "మెకానిక్‌కి అవన్నీ ఎందుకు?"

"ముసలాయన ఫోన్లో అన్నది మోడల్ బాగుచేశాననే. ఆ అంకెలు తీసేసి పాడుచేస్తోంది నువ్వన్నమాట."

"పాపం, బేడీలు వేసింది మాత్రం నువ్వే," అంటూ పిస్తోలు తీసింది. తొంభై ఏడు.

పెన్ను నొక్కాడు. గది తెల్లగా వెలిగింది, గుండు పైకప్పులో దిగింది. ఎల్దోస్ తడుముకుంటూ దూకి కేబుల్ పీకాడు. తొంభై తొమ్మిది దగ్గర తెర ఆరిపోయింది.

కురలాయ్‌ని గార్డులకు అప్పగించి, వెంటనే వెళ్ళి సగిందిక్ బేడీలు విప్పాడు. ఎర్రబడ్డ మణికట్లు రుద్దుకుంటూ ఆయన నేరుగా కంట్రోల్ రూముకి నడిచి, అసలు మోడల్ పంపించి, ఇంటికి తిరిగొచ్చాడు. శాటిలైట్ క్షేమంగా దారి మారింది.

ఎల్దోస్ బల్లకింది మైక్ పీకి ఆయన ముందు పెట్టాడు.

"తప్పయింది మాస్టారూ. మీ రొట్టె తింటూ..."

"కూర్చో."

ఆయన మైక్‌ని పక్కకు జరిపాడు. గిన్నె శుభ్రంగా తుడిచాడు. టీ పోశాడు, అంచుదాకా.

ఎల్దోస్ గొంతు కాలుతున్నా ఒక్క చుక్క మిగల్చకుండా తాగాడు. లేచి, నమస్కరించి, బయటికొచ్చాడు.

కొండ దిగుతుంటే కల్నల్ ఫోన్. "శభాష్! ముసలాయన కోపంగా ఉన్నాడా?"

"లేదు సార్. టీ ఇచ్చారు. నిండా."

కల్నల్ కూడా ఆ నేలమీద పుట్టినవాడే. గొంతు తగ్గించాడు.

"చక్కెరైనా వేశాడా?"

"లేదు సార్."